గాలి స్ప్రింగుల కథ: పాత లగ్జరీ కార్లలో ఎయిర్ సస్పెన్షన్ మరమ్మతు

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారులో బండి బరువును ఉక్కు స్ప్రింగులు మోయవు. రబ్బరు తిత్తుల్లో ఒత్తిడితో నింపిన గాలి మోస్తుంది. మెకానిక్కులు బెలోస్ అనో ఎయిర్ బ్యాగు అనో పిలిచే ఈ తిత్తి ఒక్కో చక్రం దగ్గర ఒకటి ఉంటుంది. గాలిని కొట్టే కంప్రెసరు, ఆ గాలిలోని తేమను పీల్చే డ్రయ్యరు, నిల్వ ట్యాంకు, పంపకానికి వాల్వులు, సన్నటి గొట్టాలు, బండి ఎత్తును కనిపెట్టే ఏర్పాటు దీనికి తోడుంటాయి. గాలి ఎన్నేళ్లయినా అలసిపోదు. దాన్ని పట్టి ఉంచే రబ్బరు మాత్రం పాతబడుతుంది, పగుళ్లు తేలుతుంది, చివరికి కారుతుంది.

అయినా ఇంజనీర్లు దీన్ని వదులుకోకపోవడానికి బలమైన కారణం ఉంది. ఉక్కు స్ప్రింగును ఏదో ఒక బరువును దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే కారు వెనక భాగం కుంగుతుంది. అలా కుంగకుండా గట్టి స్ప్రింగు వేస్తే, డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. గాలి స్ప్రింగులో బరువు పెరిగిన కొద్దీ ఒత్తిడి పెంచవచ్చు. ఒత్తిడితోపాటే బిగువూ పెరుగుతుంది కాబట్టి కారు ఊగే తీరు దాదాపు మారదు, నేల నుంచి దాని ఎత్తూ మారదు. వెనక సీటులో కూర్చునేవారి సుఖమే ప్రధానమనుకున్న కార్లకు ఇంతకంటే అనువైన ఏర్పాటు దొరకలేదు.

ఈ సస్పెన్షన్ చరిత్రను మరమ్మతు వైపు నుంచి చూస్తే ఒక విషయం తేలుతుంది. దశాబ్దాలు మారినా లోపాలు మారలేదు: లీకు, తేమ, అలసిన కంప్రెసరు. మారిందల్లా ఆ లోపాన్ని సరిచేసే వీలు. అరిగే భాగాన్ని విడిగా ఊడదీసి మార్చే వెసులుబాటు ఉన్న కార్లు నిలిచాయి. అది లేని కార్లలో గాలిని పీకేసి ఉక్కు పెట్టడమే చాలామందికి దారి అయింది.

తొలి ప్రయత్నాలు, బస్సుల్లో విజయం

వాహనాలకు గాలి స్ప్రింగు అన్న ఆలోచనకు అమెరికాలో 1901లోనే విలియం హంఫ్రీస్ పేటెంటు పొందాడు. దాన్ని రోడ్డు మీద పట్టుదలగా ప్రయత్నించినవాడు ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ మెస్సియే. 1920లలో ఆయన స్ప్రింగులు లేని కార్లంటూ ప్రచారం చేసి, గాలి మీద నడిచే కార్లను కొద్ది సంఖ్యలో తయారు చేశాడు. కార్ల వ్యాపారం పెద్దగా సాగలేదు కానీ, ఆ పరిజ్ఞానం విమానాల ల్యాండింగ్ గేరుకు పనికొచ్చింది. మెస్సియే పేరు ఆ రంగంలోనే స్థిరపడింది. అమెరికాలో విలియం స్టౌట్ 1946లో ఫైబర్‌గ్లాస్ బాడీతో తయారు చేసిన ప్రయోగాత్మక కారులోనూ ఎయిర్ సస్పెన్షన్ ఉంది. అదీ అమ్మకానికి రాలేదు.

గాలి స్ప్రింగు ముందు నిలదొక్కుకున్నది కార్లలో కాదు, బస్సుల్లో. జనరల్ మోటార్స్ 1953 నుంచి దూరప్రయాణాల బస్సులకు దీన్ని అమర్చింది. 1954లో గ్రేహౌండ్ సంస్థ రోడ్డెక్కించిన సీనిక్రూజర్ దీనితోనే నడిచింది. బస్సులో బ్రేకుల కోసం కంప్రెసరు, గాలి ట్యాంకు ముందే ఉంటాయి. ఖాళీ బస్సుకూ నిండిన బస్సుకూ బరువులో తేడా చాలా ఎక్కువ. పైగా బస్సు రోజూ డిపోకు వస్తుంది, అక్కడ మెకానిక్కు దాని కింద దూరి చూస్తాడు, పాడైన తిత్తిని గంటల్లో మారుస్తాడు. బస్సు పరిశ్రమ గాలి స్ప్రింగును టైరులాగే అరిగి మారాల్సిన వస్తువుగా లెక్కగట్టింది. కార్ల కంపెనీలు ఆ వస్తువును తెచ్చుకున్నాయి గానీ, దాని వెనకున్న డిపో పద్ధతిని తెచ్చుకోలేదు.

డెట్రాయిట్: మూడేళ్ల ముచ్చట

1957లో వచ్చిన క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అమెరికాలో నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్ కంపెనీయే అమర్చి అమ్మిన తొలి కారు. ధర 13,074 డాలర్లు. ఆనాటి రోల్స్ రాయిస్ కంటే ఎక్కువ. 1957, 1958 సంవత్సరాల్లో కలిపి 704 మాత్రమే తయారయ్యాయి. మరుసటి ఏడాదే పోటీ ముదిరింది. 1958 మోడళ్లలో షెవ్రొలే లెవెల్ ఎయిర్ అని, బ్యూక్ ఎయిర్ పాయిజ్ అని, ఓల్డ్స్‌మొబైల్ న్యూ మ్యాటిక్ అని, పాంటియాక్ ఎవర్ లెవెల్ అని, ఫోర్డ్ ఫోర్డ్ ఎయిర్ అని తలో పేరు పెట్టి అదనపు ధరకు ఇదే సౌకర్యాన్ని ప్రకటించాయి.

కొన్నవారు తక్కువ, కష్టపడినవారు ఎక్కువ. రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లారేసరికి ఒక పక్కకు ఒరిగి ఉండేది. కంప్రెసరు పీల్చిన గాలిలోని తేమ గొట్టాల్లో నీరుగా చేరి, చలికాలంలో గడ్డకట్టి వాల్వులను మూసేసేది. ఎత్తును సరిచేసే లెవెలింగ్ వాల్వుల్లోకి చేరిన మురికి, తుప్పు కారణంగా గాలి ఒకసారి ఎక్కి దిగకుండా, మరోసారి దిగి ఎక్కకుండా ఇబ్బంది పెట్టేది. షోరూము మెకానిక్కులకు ఈ పని కొత్త. ఉక్కు స్ప్రింగు, కార్బ్యురేటరు, గేర్‌బాక్సు తెలిసిన చేతులకు గాలి గొట్టాల్లో లీకు పట్టుకునే పని నేర్పేంత కాలం ఆ సస్పెన్షన్ మార్కెట్లో లేదు.

దాంతో మరమ్మతుకు అతి తేలిక మార్గం దొరికింది: తిత్తులు, వాల్వులు, కంప్రెసరు తీసి పక్కన పడేసి, వాటి స్థానంలో కాయిల్ స్ప్రింగులు బిగించడం. బ్రూమ్ యజమానుల్లోనూ చాలామంది ఇదే చేయించారు. మామూలు మోడళ్లలో ఈ సౌకర్యం రెండు మూడేళ్లలోనే కనుమరుగైంది. ఈనాటి కాయిల్ కన్వర్షన్ అన్న అలవాటుకు మూలం ఇక్కడే ఉంది.

యూరప్: రెండు దారులు

ఫ్రాన్సులో సిట్రోయెన్ వేరే దారి పట్టింది. పాల్ మజెస్ రూపొందించిన హైడ్రోన్యూమాటిక్ పద్ధతిలో బరువు మోసేది నైట్రోజన్ వాయువే కానీ, ఎత్తును సరిచేసేది పంపు నుంచి వచ్చే నూనె. 1954లో ట్రాక్షన్ అవాంట్ కారు వెనక చక్రాలకు, 1955లో డీఎస్ కారు నాలుగు చక్రాలకు ఇది వచ్చింది. నైట్రోజన్ ఒక లోహపు గోళంలో రబ్బరు పొర వెనక ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి వాయువు ఆ పొరలోంచి కొద్దికొద్దిగా జారిపోయి బండి బిరుసెక్కుతుంది. అప్పుడు గోళాన్ని మర తిప్పి ఊడదీసి, కొత్తది బిగిస్తే చాలు. వాయువు మళ్లీ నింపి వాడుకునే ఏర్పాట్లూ వచ్చాయి. మొదట్లో వాడిన ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని లోపలి భాగాలను తుప్పు పట్టించేది. 1960ల రెండో సగంలో ఆకుపచ్చ ఖనిజ తైలం వచ్చాక ఆ బాధ తగ్గింది. అరిగే భాగం విడిగా ఊడివచ్చే ఈ ఏర్పాటు వల్లే ఆ పద్ధతి సిట్రోయెన్ కార్లలో 2017 దాకా నిలిచింది.

జర్మనీలో గాలిని నమ్ముకున్న తొలి కంపెనీ బోర్గ్‌వార్డ్. 1960 ప్రాంతంలో దాని పెద్ద కారు పీ100కు ఎయిర్ సస్పెన్షన్ ఇచ్చింది కానీ, 1961లో కంపెనీయే మూతపడింది. అదే ఏడాది మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఈ వచ్చింది. 1963లో దేశాధినేతల కారుగా పేరుపడిన 600, 1965లో 300 ఎస్ఈఎల్ దాన్ని అనుసరించాయి. 1968లో ఇదే బాడీలో 6.3 లీటర్ల ఇంజనుతో వచ్చిన 300 ఎస్ఈఎల్ 6.3 మొత్తం 6,526 తయారయ్యాయి. 600 మోడల్ 1981 దాకా సాగి 2,677 దగ్గర ఆగింది.

డెట్రాయిట్ తడబడ్డచోట మెర్సిడెస్ జాగ్రత్త పడింది. ఇంజనుతో తిరిగే కంప్రెసరు, గాలి ట్యాంకు, ఎత్తును చూసే యాంత్రిక వాల్వులతోపాటు, గొట్టాల్లో తేమ గడ్డకట్టకుండా ఆల్కహాలు ఆవిరిని గాలిలో కలిపే చిన్న పరికరాన్నీ అమర్చింది. తిత్తి వేరు, షాక్ అబ్జార్బరు వేరు, వాల్వు వేరు. ఒకటి పాడైతే ఆ ఒక్కటే మార్చవచ్చు, వాల్వును విప్పి లోపలి సీళ్లు మార్చి మళ్లీ బిగించవచ్చు. ఖర్చు తక్కువేం కాదు. అందుకే 1980లలో ఈ కార్లు పాతబడి చేతులు మారినప్పుడు కొందరు వాటికీ ఉక్కు స్ప్రింగులు తగిలించారు. కానీ తిరిగి బాగుచేసుకునే వీలు మిగిలే ఉంది. 1993లో జర్మనీలోని ఫెల్‌బాఖ్‌లో మెర్సిడెస్ తన పాత కార్ల కోసం క్లాసిక్ సెంటర్ తెరిచాక, ఈ తరం కార్ల మరమ్మతుకు కంపెనీ అండ కూడా దొరికింది.

మెర్సిడెస్ సైతం ఆ తర్వాత కొంతకాలం గాలిని పక్కన పెట్టింది. 1975లో వచ్చిన 450 ఎస్ఈఎల్ 6.9లో సిట్రోయెన్ తరహా నూనె, నైట్రోజన్ పద్ధతిని వాడింది. రోల్స్ రాయిస్ 1965లోనే సిల్వర్ షాడోకు సిట్రోయెన్ లైసెన్సుతో ఎత్తు సరిచేసే ఏర్పాటు తీసుకుంది.

ఎలక్ట్రానిక్స్ రాక

గాలి స్ప్రింగు మళ్లీ కార్లలోకి వచ్చింది కంప్యూటరు పుణ్యాన. 1984 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 7లో యాంత్రిక లెవెలింగ్ వాల్వుల స్థానాన్ని ఎత్తు సెన్సర్లు, మైక్రోప్రాసెసరు, కరెంటుతో పనిచేసే వాల్వులు తీసుకున్నాయి. కంప్రెసరు కూడా ఇంజను మీద ఆధారపడకుండా విద్యుత్ మోటారుతో తిరిగింది. లింకన్ కార్ల డిక్కీలో సస్పెన్షన్‌ను ఆపే స్విచ్చు ఒకటి ఉండేది. జాకీ వేసే ముందు దాన్ని ఆపకపోతే, చక్రాలు వేలాడటం చూసి కంప్యూటరు తిత్తుల్లోని గాలిని వదిలేసే ప్రమాదం ఉంది. మరమ్మతు చేసేవాడు రెంచీ పట్టకముందే కంప్యూటరు సంగతి చూసుకోవాల్సిన కాలం అలా మొదలైంది.

రేంజ్ రోవర్ 1992 చివర్లో ఎల్ఎస్ఈ మోడల్‌తో దీన్ని నాలుగు చక్రాల డ్రైవ్ వాహనాలకు తెచ్చింది. 1994లో వచ్చిన పీ38ఏ రకంలో ఇది మరింత విస్తరించింది. ఎక్కి దిగడానికి కిందికి వంగడం, హైవే మీద కొంచెం తగ్గడం, రాళ్ల దారిలో పైకి లేవడం దీని ప్రత్యేకతలు. ట్యాంకులో గాలి దాదాపు 10 బార్ ఒత్తిడితో ఉంటుంది. పదేళ్లు దాటాక వాల్వు బ్లాకులోని సన్నటి ఓ-రింగులు గట్టిపడి గాలి ఒక చక్రం నుంచి మరో చక్రానికి జారేది, కంప్రెసరు పిస్టన్ సీలు అరిగేది, తిత్తులు మడత దగ్గర పగిలేవి. కంప్యూటరు తప్పు గుర్తిస్తే సస్పెన్షన్ మొత్తాన్ని లాక్ చేసి, బండిని రబ్బరు స్టాపర్ల మీద కూర్చోబెట్టేది. ఆ లాక్ తీయడానికి షోరూము స్కానరు కావాలి. ఇక్కడ యజమానులే రంగంలోకి దిగారు. కొందరు ఔత్సాహికులు ల్యాప్‌టాప్‌తో లాక్ తీసే సాఫ్ట్‌వేర్ తయారు చేసుకున్నారు. ఓ-రింగుల సెట్లు, పిస్టన్ సీళ్లు, విడి తిత్తులు తక్కువ ధరకు బజారులోకి వచ్చాయి. ఈ బండిలో తిత్తి, షాక్ అబ్జార్బరు వేర్వేరు కావడం వారికి కలిసొచ్చింది.

1998లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ క్లాస్ డబ్ల్యూ220 ఆ వెసులుబాటును తీసేసింది. ఎయిర్‌మ్యాటిక్ అన్న దాని సస్పెన్షన్‌లో ముందు చక్రాల దగ్గర గాలి తిత్తి, ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బరు కలిసి ఒకే స్ట్రట్‌గా తయారయ్యాయి. స్థలం కలిసొచ్చింది, నడక మెరుగైంది. కానీ రబ్బరు పగిలితే బాగున్న షాక్ అబ్జార్బరుతో సహా స్ట్రట్ మొత్తం మార్చాలి. ఆడి 2000లో తెచ్చిన ఆల్‌రోడ్ క్వాట్రో నేల నుంచి 142 మిల్లీమీటర్ల మొదలు 208 మిల్లీమీటర్ల దాకా నాలుగు ఎత్తులు ఇచ్చింది. 2002లో ఆడి ఏ8, ఫోక్స్‌వాగన్ ఫేటన్, 2003లో బెంట్లీ కాంటినెంటల్ జీటీ, రోల్స్ రాయిస్ ఫాంటమ్ వచ్చేసరికి లగ్జరీ కారుకు గాలి స్ప్రింగు దాదాపు తప్పనిసరి అయింది. ఈ తరం కార్లే ఇవాళ పాత కార్ల బజారులో సగటు మనిషికి అందే ధరకు దొరుకుతున్నాయి. కారు ధర పడిపోతుంది, స్ట్రట్ ధర మాత్రం కొత్త కారు రోజుల లెక్కలోనే ఉంటుంది. నేటి మరమ్మతు సమస్య అంతా ఈ తేడాలోనే ఉంది.

లోపం నడిచే దారి

తిత్తి గోడ రబ్బరు, దానిలో దారాల అల్లిక. బండి కదిలిన ప్రతిసారీ తిత్తి కింది భాగం ఒక పిస్టన్ మీద మడతపడుతూ విప్పుకుంటూ ఉంటుంది. ఎండ వేడి, గాలిలోని ఓజోన్, ఆ మడతలో ఇరుక్కున్న ఇసుక రబ్బరును ఎండగొట్టి, కోసి, సన్నటి పగుళ్లు తెస్తాయి. మొదటి లీకు ఎంత చిన్నదంటే, నడిచే బండిలో తెలియదు. కంప్రెసరు ఎప్పటికప్పుడు నింపేస్తుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున ఒక మూల కుంగి కనిపించడమే తొలి సూచన.

ఆ సూచనను పట్టించుకోకపోతే మిగతా భాగాలు వరసగా దెబ్బతింటాయి. అప్పుడప్పుడూ కాసేపు తిరగాల్సిన కంప్రెసరు ఎడతెగకుండా తిరిగి వేడెక్కుతుంది, దాని పిస్టన్ రింగు అరుగుతుంది. డ్రయ్యరులోని గుళికలు తేమతో నిండిపోయి ఇక పీల్చవు. తడి గాలి వాల్వు బ్లాకులోకి చేరి తుప్పు తెస్తుంది. కంప్రెసరుకు కరెంటు ఇచ్చే రిలే కాంటాక్టులు అతుక్కుపోతే, తాళం తీసేసినా కంప్రెసరు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. ఈ దశలో వచ్చిన యజమాని కంప్రెసరు ఒక్కటే మార్పించుకుని వెళితే కొత్తదానికీ అదే గతి పడుతుంది. ముందు లీకు, తర్వాత కంప్రెసరు, దానితోపాటే రిలే, డ్రయ్యరు అన్నది ఈ పనిలో అనుభవమున్నవారు పాటించే క్రమం.

లీకును వెతికే పద్ధతి 1958 నుంచీ పెద్దగా మారలేదు. తిత్తి మడతల మీద, గొట్టం బిగించిన చోట, వాల్వు బ్లాకు మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తారు. ఒక్క మూలే కుంగితే ఆ చక్రం తిత్తినో గొట్టాన్నో అనుమానిస్తారు. కుంగే మూలలు మారుతూ ఉంటే వాల్వు బ్లాకును. లీకు లేకుండానే ఎత్తు తేడాగా ఉంటే సెన్సరు చేయి వంగిందేమో, దాని లింకు ఊడిందేమో చూస్తారు. భాగం మార్చాక స్కానరుతో ఎత్తును మళ్లీ సరిచేయాలి. లేకపోతే కొత్త స్ట్రట్ వేసినా బండి వంకరగా నిలబడుతుంది. ఈ పని మొత్తంలో దాటకూడని నియమం ఒకటుంది. గాలి మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. సస్పెన్షన్‌ను ఆపి, బండిని స్టాండ్ల మీద నిలిపి, ఒత్తిడి వదిలాకే గొట్టం విప్పాలి. పూర్తిగా కుంగిన బండిని నడిపితే టైరు ఫెండరుకు ఒరుసుకుంటుంది, మడతలో నలిగిన తిత్తి పూర్తిగా చిరుగుతుంది.

మూడు మార్గాలు

పాత కారు యజమాని ముందు ఇప్పుడు మూడు మార్గాలున్నాయి. మొదటిది కంపెనీ భాగమే కొనడం. ఇది అన్నిటికంటే ఖరీదు. అయితే ఆ భాగాన్ని అసలు తయారు చేసేది చాలాసార్లు కారు కంపెనీ కాదు. కాంటినెంటల్, బిల్‌స్టీన్, వాబ్కో వంటి సరఫరాదారుల దగ్గర నుంచి కార్ల కంపెనీలు తెప్పించుకుంటాయి. అదే సరఫరాదారు పెట్టెలో కొంటే ధర తగ్గుతుంది.

రెండోది పునర్నిర్మించిన స్ట్రట్. పాత స్ట్రట్‌ను విప్పి, చినిగిన తిత్తిని కోసి తీసి, కొత్త రబ్బరును ఉక్కు రింగులతో నొక్కి బిగించి, షాక్ అబ్జార్బరును పరీక్షించి మళ్లీ అమ్ముతారు. కంపెనీ ఒకే ముక్కగా చేసిన వస్తువును తిరిగి రెండు ముక్కలుగా చూసిన ఈ ఆలోచన నుంచే ఒక పరిశ్రమ పుట్టింది. అమెరికాలో 1989లో మొదలైన ఆర్నాట్ ఈ రంగంలో పేరున్న సంస్థ. పాత భాగాన్ని తిరిగి ఇచ్చినవారికి ధర తగ్గించే పద్ధతీ ఇందులో స్థిరపడింది. బజారులో మరీ చౌకగా దొరికే తిత్తుల్లో దారాల అల్లిక నాసిగా ఉండటం, రింగు బిగింపు సరిగ్గా లేకపోవడం వల్ల అవి తొందరగా కారతాయి. ఒక పక్క స్ట్రట్ పోయిందంటే రెండో పక్కదీ అదే వయసుది కాబట్టి జతగా మార్చడం మేలు.

మూడోది కాయిల్ కన్వర్షన్. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కిట్లు చాలా మోడళ్లకు దొరుకుతాయి. లీకు బాధ, కంప్రెసరు బాధ శాశ్వతంగా పోతాయి. బదులుగా ఎత్తు మార్చుకునే సౌకర్యం, బరువుకు తగ్గట్టు సర్దుకునే గుణం పోతాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఆర్పడానికి కంప్యూటరుకు అంతా బాగుందని నమ్మించే పరికరం కావాలి. కొండదారుల కోసం రేంజ్ రోవర్ కొన్నవారికి, మెత్తటి నడక కోసమే ఎస్ క్లాస్ కొన్నవారికి ఇది నష్టమే. రోజూ నడిపి మరికొన్నేళ్లలో వదిలేసే కారుకైతే లెక్క సరిపోతుంది.

సేకరణకర్తల బజారులో మాత్రం ఈ లెక్క తిరగబడింది. ఎల్డొరాడో బ్రూమ్, మెర్సిడెస్ 600, 300 ఎస్ఈఎల్ 6.3 వంటి కార్లకు గిరాకీ పెరిగాక, అసలు ఎయిర్ సస్పెన్షన్ పనిచేస్తున్న కారుకే విలువ ఎక్కువ. ఒకప్పుడు ఉక్కు స్ప్రింగులు వేయించిన కార్లకు ఇప్పుడు తిత్తులు, వాల్వులు వెతికి తెచ్చి గాలిని తిరిగి ఎక్కిస్తున్నారు. విడివిడి భాగాలతో తయారైన 1960ల కార్లకు ఈ పని సాధ్యమే. కంప్యూటరు, సెన్సర్లు, ఒకే ముక్క స్ట్రట్లు ఉన్న 1998 తర్వాతి కార్లకు అది ఎంతవరకు వీలవుతుందన్నది విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయన్నదాని మీద ఆధారపడుతుంది.

తెలుగు నేల మీద

తెలుగువారిలో ఎక్కువమందికి గాలి స్ప్రింగు పరిచయమైంది కార్లలో కాదు, బస్సుల్లోనే. వోల్వో 2001లో బీ7ఆర్ బస్సును భారతదేశానికి తెచ్చింది. ఆర్టీసీ వోల్వోలను గరుడ పేరుతో నడిపింది. కమాను పట్టీల బస్సులో కుదుపులకు అలవాటుపడ్డ ప్రయాణికులకు రాత్రి ప్రయాణంలో నిద్ర పట్టడం కొత్త అనుభవం. తిత్తులు మార్చడం, లెవెలింగ్ వాల్వు సరిచేయడం, గాలి ట్యాంకులోంచి నీరు వదలడం బస్సు మెకానిక్కులకు నిత్యకృత్యమయ్యాయి.

లగ్జరీ కార్ల విషయం వేరు. ఇక్కడి వేసవి వేడి రబ్బరును తొందరగా ఎండగొడుతుంది. వానాకాలపు తేమ డ్రయ్యరు మీద భారం పెంచుతుంది. స్పీడు బ్రేకర్లు, గుంతలు తిత్తులకు పని పెంచుతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనేవారు చూడాల్సినవి కొన్నే: రాత్రంతా నిలిపిన బండి పొద్దునకు నాలుగు మూలలా సమంగా ఉందా, స్విచ్చు నొక్కితే తగిన సమయంలో పైకి లేస్తుందా, కంప్రెసరు కాసేపు తిరిగి ఆగుతుందా, ఎడతెగకుండా మోగుతుందా. బస్సు డిపోల్లో ఏడు దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతే పాత కారుకూ వర్తిస్తుంది. తిత్తిని అరిగే వస్తువుగా లెక్కవేసుకుని, పూర్తిగా పగలకముందే మార్చేవారికి ఖర్చు తిత్తితోనే ఆగుతుంది. వాయిదా వేసేవారికి కంప్రెసరు, వాల్వు బ్లాకు ఖర్చు కూడా తోడవుతుంది.